ఐదింట మూడు

నంబర్ లైన్ మీద 0 నుంచి 1 దాకా నాలుగు సమాన భాగాలు గీసి, సరిగ్గా మధ్య గీత మీద పెన్సిల్ మొన పెట్టి "ఇది ఎంత?" అని అడిగా. ఐదో తరగతి పిల్లాడు, కాసేపు పెదాలు కదిలించి "3/5, మిస్" అన్నాడు.

ముందు నోటికొచ్చింది చెప్పాడనుకున్నా. ఎలా వచ్చిందో చూపించరా అంటే వేలు పెట్టి చూపించాడు. 0 దగ్గర గీత ఒకటి, తర్వాతది రెండు, ఇది మూడోది, మొత్తం గీతలు ఐదు, అందుకని 3/5. లెక్కపెట్టడంలో తప్పేం లేదు పాపం, లెక్కపెట్టాల్సింది గీతల్ని కాదు, గీతల మధ్య జాగాల్ని అన్న ఒక్క ముక్క తెలీదు అంతే. వాడికి మూడో తరగతి నుంచి ఫ్రాక్షన్స్ చెబుతూనే ఉన్నారు, వర్క్‌షీట్లలో తప్పు అని ఇంటూ పెడుతూనే ఉన్నారు, కానీ పాతిక మంది ఉన్న క్లాసులో "ఎలా వచ్చింది చూపించు" అని వాడి వేలు ఎటు పోతోందో చూసే తీరిక ఎవరికుంటుంది.

నేను టెక్సాస్‌లో ఒక స్కూల్ డిస్ట్రిక్ట్‌లో, అంటే ఒక ప్రాంతంలోని ప్రభుత్వ స్కూళ్ళని నడిపే సంస్థలో, మ్యాథ్ ట్యూటర్‌ని. టీచర్‌ని కాదు, ఇంటర్వెన్షన్ ట్యూటర్ అంటారు, అంటే క్లాసులో వెనకబడ్డ పిల్లల్ని నలుగురు నలుగురు చొప్పున పక్కకి తీసుకెళ్ళి అరగంట చెప్పి మళ్ళీ వెనక్కి పంపడం అన్నమాట. డిపెండెంట్ వీసా మీద వచ్చి, వర్క్ పర్మిట్ వచ్చాక ఏం చేయాలో తెలీక ముందు సబ్‌స్టిట్యూట్‌గా, అంటే సెలవు పెట్టిన టీచర్ల బదులు వెళ్ళేదానిగా, చేరా, తర్వాత ఇదిగో ఇలా సెటిలైపోయా. మా స్కూల్ టైటిల్ 1 స్కూల్, అంటే పేద పిల్లలు ఎక్కువ ఉన్న స్కూళ్ళకి ఫెడరల్ గవర్నమెంట్ అదనంగా డబ్బులిచ్చే లిస్టులో ఉన్నది. డిస్ట్రిక్ట్ పేరు చెప్పను, చెప్తే నా ఉద్యోగం సంగతి తెలిసిందే కదా.

డిస్ట్రిక్ట్ మ్యాథ్ స్కోర్లు పెంచాలని ఏమేం చేస్తోందో చాలామంది అడుగుతుంటారు, ముఖ్యంగా మనవాళ్ళు. ఎప్పటినుంచో రాద్దామనుకుంటున్నా. నేను చూసింది చూసినట్టు రాస్తున్నా.

ముందు స్కోర్ల సంగతి, ఎందుకంటే ఇందులో మనవాళ్ళు చాలామంది పొరబడతారు. ఇక్కడ రాష్ట్ర పరీక్ష స్టార్, 3 నుంచి 8 దాకా ప్రతి తరగతికీ మ్యాథ్ ఉంటుంది. రిజల్ట్ నాలుగు మెట్లుగా ఇస్తారు. డిడ్ నాట్ మీట్, అప్రోచెస్, మీట్స్, మాస్టర్స్. అప్రోచెస్ వస్తే పాస్ అంటారు. కానీ ఆ తరగతి లెక్కలు నిజంగా వచ్చినట్టు ఎప్పుడంటే మీట్స్ వచ్చినప్పుడు. "మావాడు పాసయ్యాడండీ" అనుకుని ఊపిరి పీల్చుకునే ఇళ్ళల్లో సగం మంది పిల్లలు ఆ పేరులోనే ఉన్నట్టు ఇంకా "దగ్గరికొస్తున్నారు", చేరలేదు. రిపోర్ట్ కార్డులో ఏ, బీ గ్రేడ్లు వేరు, ఇది వేరు, ఆ రెండూ చాలాసార్లు ఒకదాన్నొకటి పట్టించుకోవు.

2021లో కోవిడ్ తర్వాత రాసిన స్టార్‌లో రాష్ట్రమంతా మ్యాథ్ ధబేల్మని పడింది. మన ఒక్క రాష్ట్రమే కాదు లెండి, దేశం మొత్తానికి చేసే పరీక్ష ఒకటుంది, నేప్ అంటారు, 2022లో అందులో 8వ తరగతి మ్యాథ్ 2019 కంటే 8 పాయింట్లు, 4వ తరగతి 5 పాయింట్లు తగ్గింది, 1990లో ఈ సిరీస్ మొదలైనప్పటినుంచీ అంత పెద్ద పతనం లేదు. 2024లో మళ్ళీ చూస్తే 4వ తరగతి 2 పాయింట్లు లేచింది, 8వ తరగతి యావరేజ్ కదల్లేదు. యావరేజ్ కదలకపోవడం వెనక ఇంకో విషయముంది. పైనున్న పిల్లలు ఇంకా పైకెళ్ళారు, కిందున్నవాళ్ళు ఇంకా కిందకి పోయారు, రెండూ కలిపి సగటు తీస్తే ఏం జరగనట్టు కనిపించింది. నేను కూర్చునే టేబుల్ దగ్గరికి వచ్చేది ఆ రెండో రకం పిల్లలే.

అప్పుడు టెక్సాస్ వాళ్ళు ఒక చట్టం చేశారు, 2021లో, హౌస్ బిల్ 4545. స్టార్‌లో ఫెయిలైన ప్రతి పిల్లాడికీ ఒక్కో సబ్జెక్టులో 30 గంటల అదనపు బోధన ఇచ్చి తీరాలి, ట్యూటర్‌కి ముగ్గురికి మించి ఉండకూడదు. చదవడానికి ఎంత బాగుందో. 2023లో ఇంకో బిల్లు తెచ్చి, 1416 నంబరుది, కొంచెం సడలించారు, పిల్లాడి స్కోర్‌ని బట్టి 15 గంటలో 30 గంటలో, గ్రూపులో నలుగురి దాకా ఉండొచ్చు, రాష్ట్రం ఒప్పుకున్న కొన్ని కంప్యూటర్ ప్రోగ్రాములు వాడితే ఆ నలుగురి లెక్క కూడా అక్కర్లేదు. ఆఖరి ముక్క చూశారా, అక్కడే కథ మలుపు తిరిగింది చాలా స్కూళ్ళల్లో. హెడ్‌ఫోన్లు పెట్టుకుని క్రోమ్‌బుక్ ముందు పాతికమంది కూర్చుంటే అదీ గంటల్లోకే వస్తుంది. పిల్లలు ఏం తెలివితక్కువవాళ్ళు కాదు, మూడుసార్లు తప్పు నొక్కితే ప్రోగ్రామ్ తనే హింట్ ఇస్తుంది, ఐదోసారికి దాదాపు జవాబే చెప్పేస్తుంది అని వారంలో కనిపెట్టేశారు.

నాకు మొదటి ఏడాది ఒక బైండర్ ఇచ్చారు. ఎర్ర బైండర్. ఒక్కో పిల్లాడికి ఒక్కో పేజీ, తేదీ, నిమిషాలు, నా సంతకం. ఆ బైండర్ నిండటమే పని అనుకునేవాళ్ళు ఆఫీసులో, నేనూ కొన్నాళ్ళు అలాగే అనుకున్నా, సిగ్గు లేకుండా చెబుతున్నా. ఒక రోజు కూర్చుని నా సొంత క్యాలెండర్‌లో టిక్కులు లెక్కపెట్టా. ఆ నెలలో నాకు ఆ గ్రూపుతో 20 రోజులు రాసిపెట్టి ఉంది, నిజంగా కూర్చున్నది 11 రోజులు. మిగతావి ఏమయ్యాయంటే ఒకరోజు పిక్చర్ డే, ఒకరోజు ఫైర్ డ్రిల్, రెండు రోజులు బెంచ్‌మార్క్ టెస్ట్‌కి నన్ను ప్రాక్టర్‌గా, అంటే పరీక్ష గదిలో కాపలాకి, వేశారు, ఒకరోజు ఎవరో సబ్‌స్టిట్యూట్ రాలేదని ఒకటో తరగతిలో కూర్చోబెట్టారు, రెండు రోజులు లంచ్ డ్యూటీ, ఒకటి అసెంబ్లీ, ఒకటి నాకు జ్వరం. నా జ్వరం తప్ప మిగిలిన ఎనిమిదీ స్కూలు తీసుకున్న రోజులే. అవన్నీ అవసరమైన పనులే, కాదనను. కానీ ప్రతిసారీ చెయ్యి పెట్టేది మాత్రం ఈ అరగంట మీదే. రీడింగ్ బ్లాక్ ముట్టుకోరు, సైన్స్ ల్యాబ్ ముట్టుకోరు, ట్యూటర్ టైమ్ మాత్రం ఊరుమ్మడి బావి.

ఆ తొమ్మిది రోజుల గ్యాప్‌లో పిల్లలు మర్చిపోయింది మళ్ళీ చెప్పడానికి ఇంకో నాలుగు రోజులు. చేతిలో ఏం మిగిలింది చెప్పండి.

ట్యూటరింగ్ పనిచేయదు అని కాదు నేనంటోంది. షికాగోలో హైస్కూల్ పిల్లలకి చేసి చూశారు, రోజూ ఒక పీరియడ్, స్కూల్ టైమ్‌లోనే, ట్యూటర్‌కి ఇద్దరే పిల్లలు, ఏడాది పొడుగునా. లాటరీ తీసి గ్రూపులు చేసి కొలిచిన స్టడీ అది, మామూలుగా పిల్లలు నేర్చుకునేదాని కంటే బాగా ఎక్కువ నేర్చుకున్నారు, అదీ ఇక వీళ్ళకి రాదులే అని అందరూ వదిలేసిన తొమ్మిదో పదో తరగతి పిల్లలు. కానీ అందులో "రోజూ" అన్న మాట ఉంది కదా, మా స్కూళ్ళవాళ్ళు మిగతాదంతా కాపీ కొట్టి ఆ ఒక్క మాట వదిలేస్తారు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. కోవిడ్ టైమ్‌లో ఫెడరల్ గవర్నమెంట్ మూడు విడతల్లో స్కూళ్ళకి దాదాపు 190 బిలియన్ డాలర్లు ఇచ్చింది, ఎస్సర్ ఫండ్స్ అనేవాళ్ళు. మూడో విడతలో డిస్ట్రిక్టుకి వచ్చినదాంట్లో కనీసం 20 శాతం పోయిన చదువు తిరిగి రాబట్టడానికే ఖర్చు పెట్టాలని రూలు. నన్ను తీసుకుంది ఆ డబ్బుతోనే. 2024 సెప్టెంబర్ 30తో గడువు అయిపోయింది. మా స్కూల్లో నలుగురం ట్యూటర్లం ఉండేవాళ్ళం, ఇప్పుడు ఇద్దరం. పిల్లల సంఖ్య సగం అయిందా అంటే లేదు.

సరే, ఆ అరగంట దొరికిన రోజు ఏం జరుగుతుందో చెప్తా, నాకిష్టమైన భాగం అదే కాబట్టి.

నేను చేసిన మొదటి తప్పు ఎక్కాలు. మనం ఎలా నేర్చుకున్నాం, గొంతెత్తి రెండొకట్ల రెండు, రెండ్రెళ్ళ నాలుగు అని అరుస్తూ, ఇరవై ఎక్కం దాకా వచ్చేదాకా ఇంట్లో ఊరుకునేవాళ్ళు కాదు. వీళ్ళకి రావట్లేదంటే బట్టీ పట్టించకపోవడం వల్లేనని నాకు గట్టి నమ్మకం, వచ్చిన కొత్తలో టీచర్లని చూసి లోపల్లోపల నవ్వుకునేదాన్ని కూడా. రూలు ప్రకారం అయితే ఇక్కడా మూడో తరగతి అయ్యేసరికి 10 పదుల దాకా చూడకుండా ఠక్కున చెప్పాలనే ఉంది, టెక్సాస్ స్టాండర్డ్స్‌లోనే రాసి ఉంది. అందుకని నా ఐదో తరగతి గ్రూపుకి పాటలాగా చెప్పించా, ఆరు వారాలు. బాగా పాడారు. తర్వాత 7 ఎనిమిదులు ఎంత అని విడిగా అడిగితే ఒక అమ్మాయి 7 ఒకట్లు దగ్గర్నుంచి మొదలుపెట్టి వేళ్ళు ముడుచుకుంటూ పాడుకుంటూ వచ్చింది. పాట వచ్చింది, లెక్క రాలేదు.

తర్వాత మా మ్యాథ్ కోచ్, ఆవిడ ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన మనిషి, నాకు ఒక గైడ్ ప్రింట్ తీసిచ్చింది. 2021లో అమెరికా విద్యాశాఖ రీసెర్చ్ విభాగం వాళ్ళు ఎలిమెంటరీలో మ్యాథ్‌లో వెనకబడ్డ పిల్లలకి ఏం చేస్తే పనిచేస్తుందో సాక్ష్యాలున్నవి మాత్రమే ఏరి ఆరు సిఫార్సులు రాశారు. అందులో నంబర్ లైన్ వాడండి అని ఒకటి, టైమ్ పెట్టి ప్రాక్టీస్ చేయించండి అని ఇంకొకటి. టైమ్ పెట్టడం పిల్లల్ని భయపెట్టడమే అని ఒక వర్గం, బట్టీ లేకపోతే ఏదీ లేదని ఇంకో వర్గం కొట్టుకుంటుంటారు కదా, ఈ గైడ్ చెప్పేదేంటంటే ముందు అర్థం చేయించు, దారి చూపించు, ఆ తర్వాతే టైమర్ పెట్టు. అంటే 7 ఏడులు 49 వచ్చు కదా, ఇంకో 7 కలుపు, 56. 6 ఎనిమిదులు రాకపోతే 3 ఎనిమిదులు రెట్టింపు చెయ్యి. ఇలా ఓ పది దారులు వచ్చాక అప్పుడు ఒక్క నిమిషం టైమర్, పక్కవాడితో పోటీ కాదు, నిన్నటి నీ స్కోర్‌తో నీకు పోటీ. ఆ అమ్మాయి ఇప్పుడు 7 ఎనిమిదులు అంటే పాట పాడదు, అర సెకను పైకి చూసి చెప్పేస్తుంది.

ఎక్కాలు రాకపోతే ఏమవుతుంది, క్యాలిక్యులేటర్ లేదా అంటారు కొందరు. ఒకసారి నా టేబుల్ దగ్గర కూర్చుని చూడండి. 2/3, 5/8 పోల్చమంటే హారాలు సమానం చేయాలని వాడికి తెలుసు, 24 కావాలనీ తెలుసు, 3 ఎనిమిదుల దగ్గర ఆగి వేళ్ళు లెక్కపెట్టి పైకొచ్చేసరికి అసలు ఏం చేస్తున్నాడో మర్చిపోతాడు. మళ్ళీ మొదటికి.

వర్డ్ ప్రాబ్లమ్స్ ఇంకో పెద్ద జబ్బు. ఇన్నేళ్ళుగా క్లాసు గోడల మీద పోస్టర్లు ఉండేవి, "ఆల్‌టుగెదర్" అంటే కూడు, "లెఫ్ట్" అంటే తీసెయ్యి అని. పిల్లలు లెక్క చదవరు, ఆ మాట వెతుకుతారు. నేను కావాలని ఒకటి ఇచ్చా: ఒకడు 12 స్టిక్కర్లు ఇచ్చేశాక వాడి దగ్గర 15 మిగిలాయి, మొదట్లో ఎన్ని ఉండేవి? నలుగురిలో ముగ్గురు 3 అన్నారు, మిగిలాయి అనే మాట ఉంది కాబట్టి తీసేశారు. ఇచ్చేసినవాడి దగ్గర మొదట్లో మూడే ఉంటే 12 ఎలా ఇచ్చాడ్రా అంటే ఒకడు చాలా సీరియస్‌గా "అప్పు తెచ్చుకున్నాడేమో మిస్" అన్నాడు. నవ్వాపుకోలేక చచ్చా. ఇప్పుడు డిస్ట్రిక్ట్ ఆ పోస్టర్లు తీయించేసింది, అందరూ స్ట్రిప్ డయాగ్రామ్ గీయాల్సిందే, అంటే పొడుగు పట్టీలాంటి డబ్బా గీసి ఏది మొత్తం ఏది భాగం అని పెట్టుకోవడం. ఇంట్లో తల్లిదండ్రులు "ఈ డబ్బాలేంటి, నేరుగా చేసేయొచ్చుగా" అని విసుక్కుంటారు, మా ఆయన కూడా అంతే, మా అమ్మాయి హోమ్‌వర్క్ దగ్గర. నేరుగా చేయగలిగినవాడికి డబ్బా అక్కర్లేదు నిజమే, మూడు అన్నాడే వాడికి కావాలి.

ఇక ఫ్రాక్షన్స్. నా మటుకు నాకు డిస్ట్రిక్ట్ దగ్గర ఒక్క రూపాయే ఉందంటే దాన్ని మూడు, నాలుగు, ఐదు తరగతుల ఫ్రాక్షన్స్ మీద పెట్టమంటా. రాబర్ట్ సీగ్లర్ అని ఒక సైకాలజిస్ట్, ఆయన టీమ్ 2012లో అమెరికా, బ్రిటన్ పిల్లల డేటా తీసుకుని చూశారు. పదేళ్ళ వయసులో ఫ్రాక్షన్స్, భాగహారం ఎంత వచ్చో చూస్తే హైస్కూల్లో మ్యాథ్ ఎలా ఉంటుందో అంచనా వేయొచ్చని తేలింది, తెలివితేటలు, ఇంటి ఆదాయం అవన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా. ఎందుకో నా టేబుల్ దగ్గర రోజూ కనిపిస్తుంది. అప్పటిదాకా అంకెలంటే లెక్కపెట్టుకునేవి, పెద్ద అంకె అంటే పెద్దది. ఫ్రాక్షన్ దగ్గర ఆ నమ్మకం ఒక్కసారి తిరగబడుతుంది, 1/4 కంటే 1/3 పెద్దది అంటే పిల్లాడికి మనం మోసం చేస్తున్నట్టుంటుంది.

ఇది కొత్త జబ్బు కూడా కాదు. 1978లో నేప్ పరీక్షలో 13 ఏళ్ళ పిల్లల్ని 12/13, 7/8 కలిపితే సుమారుగా ఎంత అని అడిగారు. చాయిసులు 1, 2, 19, 21. రెండూ ఒకటికి దగ్గర్లో ఉన్నాయి, కలిపితే రెండుకి దగ్గర, అంతే. 2 అని చెప్పింది 24 శాతం. సగం కంటే ఎక్కువమంది 19 అనో 21 అనో పెట్టారు, పైవి కూడితే 19, కిందవి కూడితే 21. అప్పుడు పిల్లల చేతుల్లో కంప్యూటర్లూ లేవు, ఫోన్లూ లేవు, అందుకని ఇప్పటి పిల్లలు ఫోన్ల వల్ల చెడిపోయారనేవాళ్ళకి నేను ఈ లెక్క చెబుతుంటా.

ఇక్కడ నాకు మన తెలుగు పనికొచ్చింది, నిజం. ఇంగ్లీషులో త్రీ ఫిఫ్త్స్ అంటారు. ఫిఫ్త్ అంటే పిల్లలకి తెలిసిన అర్థం ఐదోది, లైన్లో ఐదోవాడు. అందుకే గీతలు లెక్కపెట్టుకుంటూ పోతారేమోనని నా అనుమానం, రీసెర్చ్ ఏం కాదు, అనుమానమే. మనం ఐదింట మూడు అంటాం. ముందు ఐదు భాగాలు చేసుకో, అందులో మూడు తీసుకో, చేయాల్సిన పని వరసగా మాటలోనే ఉంది. నేను దాన్నే ఇంగ్లీషులోకి తిప్పి చెప్పడం మొదలుపెట్టా, "ఐదు సమాన భాగాల్లోంచి మూడు" అని ప్రతిసారీ పూర్తిగా, షార్ట్‌కట్ లేకుండా, వాళ్ళతోనూ అలాగే చెప్పించేదాన్ని. భాగాల్ని చేత్తో కొలవాలి, అందుకని నంబర్ లైన్ మీద కప్ప గెంతులు, ఒక్కో గెంతు ఒక్కో భాగం, గీత కాదు గెంతు లెక్క. గీతలు లెక్కపెట్టిన పిల్లాడు మూడో రోజుకి తనే పట్టుకున్నాడు, "ఓ, 0 దగ్గర నేనింకా గెంతలేదు" అన్నాడు. ఆ మాట నేను చెప్పలేదు వాడికి. (పిల్లల్లో ఇద్దరికి ఐదింట మూడు అని తెలుగులోనే చెప్పడం వచ్చేసింది, ఒకడు హాల్‌వేలో నన్ను చూసి హాయ్ బదులు అదే అరుస్తాడు.)

ఇప్పుడు కొంచెం కోపంగా ఒక విషయం. డేటా మీటింగులు. గోడ మీద ఒక్కో పిల్లాడికి ఒక్కో కార్డు, రంగులు, ఎర్ర, పసుపు, ఆకుపచ్చ. రాష్ట్రం స్కూళ్ళకి ఏ నుంచి ఎఫ్ దాకా గ్రేడ్ ఇస్తుంది, అందులో ఎంతమంది ఏ మెట్టు దాటారనేది లెక్కకొస్తుంది. అందుకని గీతకి రెండు మూడు ప్రశ్నల దూరంలో ఉన్నవాళ్ళని ఏరుతారు, వాళ్ళకి బబుల్ కిడ్స్ అని పేరు. వాళ్ళని గీత దాటిస్తే స్కూల్ నంబరు కదులుతుంది. బాగా కింద ఉన్నవాడికి ఎంత చెప్పినా ఈ ఏడాది గీత దాటడు కాబట్టి వాడి కార్డు దగ్గర మాట్లాడే టైమ్ తగ్గిపోతుంది. ఎవరూ నోరు తెరిచి "వీణ్ణి వదిలేద్దాం" అనరు, ఊరికే తర్వాతి కార్డుకి వెళ్ళిపోతారు. నిజం చెప్పాలంటే పిల్లాడు పోయినేడాది కంటే ఎంత ఎదిగాడో కూడా రాష్ట్రం లెక్కేస్తుంది, అయినా అలవాటు పోలేదు.

అలాగే కొత్త పుస్తకాల పిచ్చి. మూడేళ్ళకోసారి కొత్త కరిక్యులమ్, కొత్త లాగిన్, ఆగస్టులో రెండు రోజుల ట్రైనింగ్. చాలా రాష్ట్రాలు కలిసి పెట్టుకున్న ఉమ్మడి స్టాండర్డ్స్ ఉన్నాయి, కామన్ కోర్ అంటారు, టెక్సాస్ వాటిని తీసుకోలేదు, 2013లో వాడకూడదని చట్టమే చేసింది, రాష్ట్రానికి సొంత స్టాండర్డ్స్ ఉన్నాయి. ఇప్పుడు రాష్ట్రం సొంత పాఠాలే తయారుచేసింది, బ్లూబానెట్ అని, 2024 నవంబర్‌లో స్టేట్ బోర్డ్ ఆమోదించింది, వాడితే పిల్లాడికి 60 డాలర్ల దాకా డిస్ట్రిక్టుకి అదనంగా వస్తుంది. గొడవంతా అందులోని రీడింగ్ పాఠాల్లో బైబిల్ కథల మీద జరిగింది, మ్యాథ్ పుస్తకాల గురించి మాట్లాడినవాళ్ళే తక్కువ. మ్యాథ్ పుస్తకం మంచిదే కావచ్చు. కానీ టీచర్‌కి ఒక పుస్తకం చేతికి అలవాటయ్యి, ఏ పాఠంలో పిల్లలు ఎక్కడ తడబడతారో తెలిసేసరికి మూడో ఏడాది వస్తుంది, సరిగ్గా అప్పుడు మార్చేస్తారు.

మనవాళ్ళ మాట కూడా రాయకపోతే బాగోదు. ఏ ఫంక్షన్‌కి వెళ్ళినా "అక్కా, మీరు డిస్ట్రిక్ట్‌లోనే కదా, మావాడిని ఏడులోనే ఆల్జీబ్రా వన్‌లో వేయించాలంటే ఎవర్ని పట్టుకోవాలి" అని అడుగుతారు. అడగడంలో తప్పు లేదు. మా అమ్మాయినీ నేను అడ్వాన్స్‌డ్‌లోనే వేశా, శనివారం కుమాన్ ట్యూషన్‌కీ పంపా, నేను పెద్ద పత్తిత్తునేం కాదు. కానీ డిస్ట్రిక్ట్ స్కూల్ బోర్డ్ మీటింగులో పబ్లిక్ కామెంట్‌కి ఇచ్చే మూడు నిమిషాల్లో మనవాళ్ళు లేచి మాట్లాడేది ఎప్పుడూ ఇదొక్కటే, మా పిల్లల్ని ఆపకండి, ఇంకా ముందుకి పంపండి. నా టేబుల్ దగ్గరి పిల్లల అమ్మానాన్నలు ఆ టైమ్‌కి రెండో షిఫ్టులో ఉంటారు, వాళ్ళ తరఫున మైకు ముందుకి వచ్చేవాళ్ళు లేరు. బోర్డు వినేది ఒకవైపే.

నిజానికి ఆ విషయంలో టెక్సాస్ చేసిన ఒక పని నాకు నచ్చింది. 2023లో సెనేట్ బిల్ 2124 అని, ఐదో తరగతిలో పైన 40 శాతంలో ఉన్న పిల్లల్ని ఆరులో అడ్వాన్స్‌డ్ మ్యాథ్‌లో ఆటోమేటిక్‌గా వేయాలి, వద్దనుకుంటే తల్లిదండ్రులే వచ్చి వద్దని చెప్పాలి. ఇదివరకు అడిగినవాళ్ళకి దక్కేది, అడగడం తెలిసిన ఇళ్ళకి. శాన్‌ఫ్రాన్సిస్కో వాళ్ళు దీనికి ఉల్టా చేశారు, 2014లో అందరూ సమానం అని ఎనిమిదో తరగతిలో ఆల్జీబ్రా వన్ తీసేసి తొమ్మిదికి నెట్టారు, డబ్బున్నవాళ్ళు బయట కట్టి చదివించుకున్నారు, చివరికి 2024లో మళ్ళీ ఎనిమిదిలోకి తెస్తామని బోర్డు ఒప్పుకుంది. మెట్లు తీసేస్తే అందరూ ఒకే అంతస్తులో ఉంటారనుకుంటే ఎలా. మా స్కూల్ నుంచి పోయినేడాది ఆరులో అడ్వాన్స్‌డ్‌కి వెళ్ళినవాళ్ళలో, వాళ్ళమ్మకి ఆ క్లాస్ ఒకటుందనే తెలీని పిల్లలు ఇద్దరున్నారు.

ఇక ఈ ఏడాది మా ప్రిన్సిపల్ ఒక పని చేసింది, పెద్ద ప్రోగ్రామేం కాదు, పైసా ఖర్చు లేదు. టైమ్‌టేబుల్లో ఐదో తరగతి మొత్తానికీ ఒకేసారి 35 నిమిషాలు పెట్టింది, విన్ టైమ్ అంటారు, ఎవరికి ఏది కావాలో అది చేసుకునే టైమ్. ముందున్నవాళ్ళకి కష్టమైన లెక్కలు, వెనకున్నవాళ్ళు నా దగ్గరికి, కొత్త పాఠం ఏదీ ఆ టైమ్‌లో చెప్పకూడదు, అప్పుడే నా దగ్గరికొచ్చిన పిల్లాడు క్లాసులో ఏదీ పోగొట్టుకోడు. ఆ 35 నిమిషాల్లో ట్యూటర్లని వేరే డ్యూటీకి లాగాలంటే తనకి మెయిల్ పెట్టి అడగాలని రూలు పెట్టింది. మెయిల్ పెట్టాలంటేనే సగం మంది మానేశారు. పోయిన నెల నా క్యాలెండర్‌లో 19కి 16 టిక్కులు.

స్కోర్లు పెరిగాయా అంటే స్టార్ ఇంకా రాయలేదు, నేను జోస్యం చెప్పను. కానీ ఇవాళ నా గ్రూపుకి ఆ 1978 ప్రశ్న ఇచ్చా, పాత ప్రశ్న అని చెప్పకుండా. పెన్సిల్ పట్టుకోవద్దు, ఊరికే చూసి చెప్పండి అన్నా. ఒకమ్మాయి వెంటనే 19 అంది, పక్కమ్మాయి ఏమీ అనకుండా గాల్లో గెంతులు లెక్కపెట్టుకుంటోంది. గీతలు లెక్కపెట్టిన పిల్లాడు చాలాసేపు చూసి "13 భాగాల్లోంచి 12 అంటే ఒక్క గెంతు తక్కువ, ఇదీ ఒక్క గెంతే తక్కువ, రెండూ ఒకటి అవబోయి ఆగిపోయాయి" అన్నాడు. "అయితే 2 లోపే. కానీ మిస్, ఆ రెండిట్లో ఏది ఒకటికి ఎక్కువ దగ్గర?"

రెండూ ఒక్క గెంతే తక్కువ కదా, మరి గెంతు సైజు ఒకటేనా అని నేను అడగబోయేలోపు బెల్ కొట్టారు. రేపు బెంచ్‌మార్క్ టెస్ట్, నన్ను నాలుగో తరగతికి ప్రాక్టర్‌గా వేస్తామని మెయిల్ వచ్చింది. ప్రిన్సిపల్‌కి పెట్టాల్సిన మెయిలే, రూలు ప్రకారం అడిగే పెట్టారు, ఈసారికి ఆవిడ సరేనంది. వాడి ప్రశ్నని స్టిక్కీ నోట్ మీద రాసి టేబుల్‌కి అంటించి వచ్చా, ఎల్లుండి దాకా ఎవరూ పీకకుండా ఉంటే చాలు.